కెమెరా ఎవరిది? మూడు లక్షల మాక్యుమెంటరీ గురించి

అడిగింది ఇది: "మేం నలుగురు ఫ్రెండ్స్, వైజాగ్. చేతిలో మూడు లక్షలున్నాయి. ఇప్పటి ప్రేమల మీద, అంటే యాప్‌లో పరిచయాలు, సిట్యుయేషన్‌షిప్‌లు (పేరు పెట్టని బంధాలు), బ్రేకప్‌లు వీటి మీద, మాక్యుమెంటరీ (నిజం డాక్యుమెంటరీలా కనిపించే కట్టుకథ) పద్ధతిలో గంటన్నర కామెడీ తీద్దామనుకుంటున్నాం. 110 పేజీల స్క్రిప్ట్ రెడీ. ఎవరికి చదివి వినిపించినా నవ్వుతున్నారు. టెస్ట్ షూట్ చేసి చూపిస్తే మాత్రం ఎవరూ నవ్వడం లేదు. తప్పు ఎక్కడుంది?"

ముందు నా సంగతి. పదహారేళ్ళుగా వైజాగ్‌లో పెళ్ళి వీడియోలు తీసి బతుకుతున్నవాణ్ణి. ఇద్దరు ముగ్గురు మిత్రుల షార్ట్ ఫిల్మ్‌లకు ఎడిటింగ్ చేశాను. నాలుగేళ్ళ కిందట సొంత డబ్బుతో 34 నిమిషాల మాక్యుమెంటరీ ఒకటి తీసి చేతులు కాల్చుకున్నాను. కాబట్టి ఇందులో సగం సలహా, సగం బర్నాల్ రాసుకున్న కథ.

మీరు పెట్టిన రెండు నిమిషాల టెస్ట్ క్లిప్ చూశాను. ఆర్కే బీచ్‌లో గట్టు మీద కూర్చున్న కుర్రాడు, బ్లూ టిక్ పడి ఆరు గంటలైనా రిప్లై రాలేదని కెమెరా వైపు తిరిగి చెప్తాడు. పక్కనే అమ్మాయి మురీ మిక్చర్ తింటూ అతన్ని పట్టించుకోదు. కుర్రాడు బాగా చేశాడు. డైలాగు కూడా బాగుంది. కానీ ఆ రెండు నిమిషాలూ నన్ను ఒకటే అనుమానం తొలిచింది. ఈ కెమెరా ఎవరిది? వీళ్ళని ఎందుకు తీస్తున్నారు? అసలు వీళ్ళెందుకు ఒప్పుకున్నారు?

మీ గొడవంతా అక్కడే ఉంది. మీరు రాసుకున్నది మామూలు కామెడీ సినిమా. దాన్ని కెమెరా చేత్తో పట్టుకుని, అటూ ఇటూ ఊపుతూ తీశారు. ఊగినంత మాత్రాన మాక్యుమెంటరీ అయిపోదండి. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్ళు తీసే తాళి ముహూర్తాలన్నీ ఊగుతూనే ఉంటాయి, దాన్నెవరూ కళ అనరు, డబ్బులు కోస్తారు.

వైజాగ్‌లో ప్రేమ కథ అనేసరికి ఈ అనుమానం ఇంకా పెద్దదవుతుంది. మన ఊళ్ళో ప్రేమించుకునేవాళ్ళ మొదటి పని ఎవరికీ కనబడకుండా ఉండటం. బండి మీద అమ్మాయి ముఖానికి చున్నీ, అబ్బాయికి హెల్మెట్. (హెల్మెట్ తీయకుండా గంటసేపు సముద్రం చూసే కుర్రాళ్ళని నేను చూశాను. ట్రాఫిక్ పోలీసులు వాళ్ళకి సన్మానం చేయాలి.) ఆర్కే బీచ్‌కి రారు, సాయంత్రం బాబాయ్ వాకింగ్‌కి వస్తాడు. తెన్నేటి పార్కు, కైలాసగిరి, అదీ కాదంటే రుషికొండ దాటి భీమిలి రోడ్డు. ఇలా ఊరు చివరిదాకా పారిపోయినవాళ్ళు, కెమెరా కనపడగానే గట్టు మీద కూర్చుని మనసు విప్పుతారా? చూసేవాడు ఈ ప్రశ్న పైకి అడగడు. నవ్వడం మానేస్తాడు, అంతే.

1984లో రాబ్ రైనర్ తీసిన 'దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్' ఈ రకం సినిమాలకి పెద్దబాలశిక్ష లాంటిది. లేని రాక్ బ్యాండ్ మీద తీసిన ఉత్తుత్తి డాక్యుమెంటరీ. రైనర్ అందులో కెమెరా వెనక దాక్కోలేదు. ఆ డాక్యుమెంటరీ తీస్తున్న దర్శకుడి పాత్ర తనే వేశాడు. మొదట్లోనే ముందుకొచ్చి, నేను ఈ బ్యాండ్ అభిమానిని, అందుకే తీస్తున్నాను అని చెప్పేస్తాడు. ఇక ఎవరికీ అనుమానం ఉండదు. 2001లో బీబీసీలో మొదలైన 'ది ఆఫీస్'లో తీసేవాళ్ళు కనబడరు, కానీ వాళ్ళున్నారని ఆఫీసులో అందరికీ తెలుసు. అక్కడి మేనేజరు వేసే ప్రతి జోకూ ఎదురుగా ఉన్న ఉద్యోగుల కోసం కాదు, ఆ కెమెరా కోసం. నవ్వు అక్కడ పుడుతుంది. కెమెరాని తీసేస్తే ఆ మేనేజరు మామూలు బోరు మనిషి.

మీ కథకి అలాంటి కారణం మన ఊళ్ళోనే వెతకండి. నేనైతే నా వృత్తిలోనే వెతుకుతాను. తెల్లవారుజామున భీమిలి రోడ్డు వెంబడి వెళ్ళండి. ప్రతి బండరాయి దగ్గరా ఒక ప్రీ-వెడ్డింగ్ షూట్. గౌను తోక పట్టుకుని పరిగెత్తే అసిస్టెంటు, రంగు పొగ గొట్టాలు, బ్లూటూత్ స్పీకరు, ఉప్పుగాలికి మేకప్ కారిపోతున్న పెళ్ళికూతురు, "సార్, మేడంని ప్రేమగా చూడండి సార్" అని అరిచే కెమెరామన్. మొత్తం వైజాగ్‌లో ప్రేమికులు తమంతట తాము డబ్బిచ్చి మరీ కెమెరా ముందు నిలబడే ఒకే ఒక్క సందర్భం ఇది.

ఇలా అనుకోండి. అమ్మాయి, అబ్బాయి యాప్‌లో పరిచయం. ఇంట్లో మాత్రం మ్యారేజ్ బ్యూరో తెచ్చిన సంబంధం అని నమ్మించారు. ఎదురింటి ఆవిడకి కమిషన్ ఇచ్చి మరీ మధ్యవర్తిగా నిలబెట్టారు. నిశ్చితార్థం అయింది. కెమెరామన్‌కి అరవై వేల ప్యాకేజీ, పది వేలు అడ్వాన్సు. ప్రీ-వెడ్డింగ్ షూట్ మధ్యలో ఫోన్‌కి ఒక నోటిఫికేషన్ వచ్చింది. అబ్బాయి ఆ యాప్ ఇంకా తీసేయలేదు. పోట్లాట, పెళ్ళి వాయిదా. ఇప్పుడు కెమెరామన్‌కి రావాల్సిన యాభై వేలు రావాలంటే పెళ్ళి జరిగి తీరాలి. పాపం అతను ఇద్దరి ఇళ్ళ చుట్టూ తిరిగి రాజీ కుదురుస్తుంటాడు. తిరిగినంతసేపూ కెమెరా రికార్డ్ అవుతూనే ఉంటుంది. ఎందుకయ్యా తీస్తున్నావంటే, "లవ్ స్టోరీ వీడియోలో వాడదామండి, ఎక్స్‌ట్రా చార్జీ లేదు" అంటాడు.

దీన్నే తీయమని నేననడం లేదు. ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ చదివే అమ్మాయి ప్రాజెక్టు కోసం తీస్తోందనుకోండి, మ్యారేజ్ బ్యూరో ఆయన తన పబ్లిసిటీ కోసం "మేం కలిపిన జంటలు" అని తీయిస్తున్నాడనుకోండి, మీ ఇష్టం. కానీ పెళ్ళి కెమెరామన్ లాంటి కారణం దొరికితే ఒక లాభముంది. మీ దగ్గర లేని డబ్బు కథలో కూడా ఉండదు. ఒకే కెమెరా, బ్యాటరీ అయిపోవడం, లెన్స్ మీద మురీ మిక్చర్ నూనె, ఫోకస్ పోవడం, అసిస్టెంటు ఫ్రేములోకి వచ్చేయడం, ఏవీ తప్పులు కావు. బడ్జెట్ తక్కువని దాచుకోవాల్సిన పనే లేదు.

ఇంకొక సంగతి. ప్రతి సీను పైన ఒక లైను రాసుకోండి: ఈ సీనులో కెమెరా ఆపేయమనేది ఎవరు? ఎవరూ అననక్కర్లేకపోతే ఆ సీను బహుశా మీకు అక్కర్లేదు. ఇద్దరూ ఆపమంటే అది గొడవ సీను. ఒకరు ఆపమని, ఇంకొకరు "ఉండనీ, రికార్డ్ అవనీ, రేపు మీ నాన్నగారికి చూపిద్దాం" అంటే, అక్కడ మీకు సినిమా దొరికింది.

ఇక నవ్వు గురించి. మాక్యుమెంటరీలో డైలాగు పేలడం మీద ఆధారపడకండి. ఇంటర్వ్యూలో మనిషి తన గురించి ఏం చెప్పుకుంటున్నాడు, మామూలు ఫుటేజ్‌లో ఏం చేస్తున్నాడు, ఆ రెంటికీ మధ్య తేడాయే మీ ఆస్తి. చిన్న ముక్క రాసి చూపిస్తాను.

ఇంటర్వ్యూ, అబ్బాయి: "నేను అనుమానించే టైపు కాదండి. తన స్పేస్ తనది, నా స్పేస్ నాది."

కట్. జగదాంబ సెంటర్, ఆటోలో అదే అబ్బాయి, ఫోన్ చూస్తూ: "లాస్ట్ సీన్ 2.14. అన్నా, రాత్రి 2.14కి ఎవరైనా మెలకువగా ఉంటారేటి?"

ఆటో అతను, వెనక్కి తిరక్కుండా: "నేనుంటాను బాబూ."

ఇందులో జోకు అనదగ్గ మాట ఒక్కటీ లేదు. ఇంటర్వ్యూ ముందు లేకపోతే ఆటో సీను ఉత్తినే ఉంటుంది. అందుకని నా సలహా: ఇంటర్వ్యూలు ముందు తీయకండి. ముందు జరిగే సీన్లన్నీ తీయండి, రషెస్ (ఇంకా ఎడిట్ చేయని ఫుటేజ్) చూసుకోండి, ఎవరెవరు ఎక్కడ దొరికిపోయారో రాసుకోండి. ఆఖరి రెండు రోజులు ఇంటర్వ్యూలకు పెట్టుకుని, వాళ్ళు దొరికిపోయిన చోటే ప్రశ్న అడగండి. నేను అన్నీ స్క్రిప్ట్ వరసలో తీసి దెబ్బతిన్నాను. ఎడిట్‌కి కూర్చునేసరికి ఇంటర్వ్యూలన్నీ సీనులో జరిగినదాన్నే మళ్ళీ చెప్తున్నాయి. ఏడు నిమిషాలు తీసి పారేశాను.

పెద్దవాళ్ళని కూడా ఇంటర్వ్యూ చేయండి. కుర్రాళ్ళ ప్రేమ మీద తీసే సినిమాల్లో వాళ్ళని విలన్లుగానో, అమాయకులుగానో వాడుకుంటారు. నిజానికి వాళ్ళంత సరదా ఎవరూ ఉండరు. ఉక్కునగరంలో పాతికేళ్ళు షిఫ్టులు చేసి రిటైరైన తండ్రిని ఊహించుకోండి. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ముందు నిలబెట్టి, ఈ కాలం ప్రేమల మీద మీ అభిప్రాయం ఏమిటంటే, "ఇదిగో, దీన్ని చూడండి. 1969లో నేవీలో చేరింది, 2001 దాకా సర్వీసు చేసింది. నమ్మకం అంటే అదీ" అంటాడు. వెనక నుంచి కూతురు: "అది కూడా నీళ్ళలోకి వెళ్తే ఫోనెత్తదు నాన్నా." ఆయన ఒక్క క్షణం ఆలోచించి, జలాంతర్గామి వైపు అనుమానంగా చూస్తాడు. ఆ చూపు కోసం తీయండి.

చూపు అంటే గుర్తొచ్చింది. మీ క్లిప్‌లో కుర్రాడు రెండు నిమిషాల్లో కెమెరా వంక పదకొండుసార్లు చూశాడు, లెక్కపెట్టాను. అది పప్పులో ఉప్పు లాంటిది. మనిషి ఇరుక్కున్నప్పుడు, లేదా ఎదుటివాడు అన్న మాటకి సాక్షి కావలసినప్పుడు చూడాలి. ఎవరు చూస్తారనేది కూడా పాత్రే. అబ్బాయి జాలి కోసం చూస్తాడు. అమ్మాయి "విన్నారు కదా" అన్నట్టు చూస్తుంది. వాళ్ళమ్మ మాత్రం చీర సర్దుకుని చూస్తుంది. ఒక పాత్ర అసలు చూడనే చూడదు అనుకోండి, చివర్లో ఒకే ఒక్కసారి చూస్తే ఎంత బలం ఉంటుందో ఆలోచించండి.

110 పేజీల స్క్రిప్ట్ సంగతి. చదివితే నవ్వు వస్తోందన్నారు, నమ్ముతాను. అదే దాని జబ్బు. అది చదవడానికి బాగుంది. ప్రతి లైనుకీ ప్రాస ఉంది, ప్రతి జవాబూ సిద్ధంగా ఉంది. నిజంగా మాట్లాడే మనుషులు వాక్యం పూర్తి చేయరు, మధ్యలో వేరే విషయంలోకి పోతారు, తప్పు మాట దొర్లితే కప్పిపుచ్చుకుంటారు. స్పైనల్ ట్యాప్‌లో మాటలు చాలామటుకు నటులు అక్కడికక్కడ అల్లుకున్నవే. సీనులో ఏం జరగాలో మాత్రమే ముందు తెలుసు. మీ 110 పేజీల్ని 25 పేజీలు చేయండి. సీనుకి మూడు నాలుగు లైన్లు: ఎవరికి ఏం కావాలి, ఎవరు ఏం దాస్తున్నారు, ఎక్కడ ముగియాలి. దాచే సంగతి ఆ నటుడికి ఒక్కడికే చెవిలో చెప్పండి. రెండోవాళ్ళకి తెలియకూడదు. మొదటి టేక్ బంగారం, అది పోనివ్వకండి. రిహార్సల్ అనుకుంటున్నప్పుడు కూడా రికార్డు నొక్కి ఉంచండి.

అల్లుకునే నటులు దొరకరంటారేమో. మన ఊళ్ళో నాటకాలు వేసేవాళ్ళు ఉన్నారు, కానీ నాటకం గొంతు కాస్త తగ్గించడానికి వారం పడుతుంది. నాకు అచ్చొచ్చింది వేరే రకం: మెడికల్ రెప్‌లు, ఇన్సూరెన్స్ ఏజెంట్లు, ట్యూషన్ మేడమ్‌లు. రోజంతా ఎదుటివాడి ముఖం చూసి మాట మార్చడం వాళ్ళ పని. నా సినిమాలో అందరికంటే బాగా చేసింది ఒక చిట్ ఫండ్ కలెక్షన్ ఏజెంటు. పారిపోయేవాళ్ళని పట్టుకోవడం అతనికి అలవాటే.

భాష గురించి ఒక్క మాట. మీ క్లిప్‌లో అందరూ ఒకే తెలుగు మాట్లాడుతున్నారు, అదీ సినిమా తెలుగు. గాజువాక కుర్రాడు ఇంట్లో "ఏటి" అంటాడు. ఎంవీపీ కాలనీ అమ్మాయితో యాప్‌లో పరిచయం అయ్యాక "ఏంటి" అంటాడు. ఆఫీసు ఫోనొస్తే ఇంగ్లీషు. కోపం వస్తే మళ్ళీ "ఏటి, ఏటంటన్నావు?" దగ్గరికొచ్చేస్తాడు. అమ్మాయి అతను నిజం చెప్తున్నాడో లేదో ఆ ఒక్క అక్షరంతో కనిపెట్టేస్తుంది. ఎవరూ ఎవరికీ వివరించక్కర్లేదు. మన ఉత్తరాంధ్ర మాటని సినిమాల్లో పనిమనిషికో, కామెడీ బ్యాచ్‌కో మాత్రమే ఇస్తారు. మీరైనా హీరోకివ్వండి.

ఫోన్లు, చాటింగులు. స్క్రీను మీద మెసేజీలు బుడగల్లా వేయకండి. డాక్యుమెంటరీ కెమెరాకి మనిషి ఫోన్ లోపలికి వెళ్ళే శక్తి లేదు. భుజం మీదుగా తొంగి చూడగలదు, అంతే. అంతకంటే మంచిది, ఆ మెసేజీని వాళ్ళ చేతే చదివించడం. ప్రతివాడూ తనకు అనుకూలంగా చదువుతాడు. "నేను ఎంత పెద్ద మెసేజ్ పెట్టానో చూడండి, తిన్నావా, ఆఫీసులో ఎలా ఉంది, అమ్మకి ఒంట్లో ఎలా ఉంది. దానికి తను పెట్టింది చూడండి: 'ఊ'." తరవాత అదే మెసేజీని అమ్మాయి చదువుతుంది: "ఆరు నెలల్లో నేను ఎలా ఉన్నానని ఒక్కసారి అడగలేదండి. ఆఫీసు, అమ్మ, అన్నం." రెండూ నిజమే. ఆ "ఊ" మీద వాళ్ళ నాన్న, చిట్టీల ఏజెంటు, ఆటో అతను తలా ఒక అర్థం చెప్పారనుకోండి, మీకు పది నిమిషాలు పైసా ఖర్చు లేకుండా వచ్చాయి.

ఇక పని సంగతులు. ఇక్కడ మీకు డబ్బు మిగులుతుంది, లేదా మునుగుతుంది.

మన సముద్రం తూర్పున ఉంది. సినిమాల్లో చూసి సముద్రంలో సూర్యాస్తమయం సీను రాసుకున్నారేమో, అది కొట్టేయండి, సూర్యుడు మనకి కొండల వైపు దిగుతాడు. సముద్రం వెనకాల పెట్టి పొద్దున్నే ఇంటర్వ్యూ తీస్తే వెలుగంతా వెనక నుంచి వచ్చి ముఖాలు నల్లబడిపోతాయి. మూడు దాటాక తీస్తే ఎండ ముఖం మీద పడి బాగుంటుంది. కానీ ఆ వేళకి సముద్రం గాలి అందుకుంటుంది, మైకులో అదే హోరు. ముఖమా, మాటా అని తేల్చుకోవాలి. మాక్యుమెంటరీ బతికేది మాట మీద. అందుకని బీచ్‌లో పొట్టి సీన్లు మాత్రమే పెట్టుకుని, పొడుగు మాటలన్నీ ఇంట్లో, కిటికీలు మూసి తీయండి. ఫ్యాను ఆపాలి. మే నెలలో ఫ్యాను ఆపి ఇంటర్వ్యూ అంటే ఎవరూ నాలుగు నిమిషాలు కూర్చోలేరు, చెమటకి కాలర్ మైకు టేపు ఊడిపోతుంది. డిసెంబరు, జనవరి చూసుకోండి. బయట తీసేటప్పుడు మైకుకి బొచ్చు తొడుగు తప్పదు. ప్రతి చోటా సీను అయ్యాక అందర్నీ ముప్పై సెకన్లు నోరు మూసుకోమని ఆ చోటి ఖాళీ శబ్దం రికార్డు చేయండి. ఎడిట్‌లో అతుకులు వేయడానికి అదే దారం. అందరికీ నవ్వొచ్చేది కూడా సరిగ్గా ఆ ముప్పై సెకన్లలోనే.

డబ్బింగ్ చెప్పుకుందాంలే అనుకుంటే మాత్రం ఈ సినిమా మానేయండి. ఒకరి మాట మీద ఒకరు పడిపోయే మాటల్ని డబ్బింగ్ థియేటర్‌లో కూర్చుని మళ్ళీ చెప్పలేరు.

కెమెరా ఏదైనా ఫర్వాలేదు, ఫోన్ అయినా సరే. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి సెకనుకి 25 ఫ్రేములు, షట్టరు 1/50 సెకను పెట్టండి. 30 ఫ్రేములు, 1/60లో ఉంచేస్తే ట్యూబ్ లైట్లు, చవక ఎల్‌ఈడీలు ఫ్రేములో వణుకుతాయి. మీ క్లిప్‌లో టిఫిన్ సెంటర్ షాట్‌లో ఆ వణుకు ఉంది, మీరు చూసుకోలేదు. అల్లుకునే సినిమాకి ఫుటేజ్ బోలెడు అవుతుంది. 50 ఎంబీపీఎస్‌లో (సెకనుకి 50 మెగాబిట్లు) తీస్తే గంటకి 22 జీబీ పైమాటే. ముప్పై గంటలు తీస్తే దాదాపు 675 జీబీ. రెండు హార్డ్ డిస్కులు, రెండు వేరు వేరు ఇళ్ళలో.

మూడు లక్షల్లో నేనైతే మొదటి అరవై వేలు సౌండ్ మనిషికి పక్కన పెడతాను. తరవాత తిండి. తొమ్మిది మందికి పన్నెండు రోజులు మంచి భోజనం పెడితే జీతం లేకపోయినా ఉంటారు. సాంబారన్నం పొట్లాలతో సరిపెడితే నాలుగో రోజు కెమెరా అసిస్టెంటుకి జ్వరం వస్తుంది. డ్రోన్‌కి ఒక్క రూపాయి పెట్టకండి. ఖర్చు ఒక్కటే కాదు కారణం. తూర్పు నౌకాదళ స్థావరం ఇక్కడుంది, నేవీ విమానాలు దిగే ఐఎన్‌ఎస్ డేగా కూడా ఇక్కడే. డ్రోన్ నిబంధనల ప్రకారం రెడ్ జోన్‌లో, అంటే ఇలాంటి నిషేధిత ప్రాంతంలో, అనుమతి లేకుండా ఎగరేయకూడదు. డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు సరదాగా ఎగరేశామని చెప్తే పోలీసులు నవ్వరు. పైగా పెళ్ళి కెమెరామన్ పది వేల అడ్వాన్సుతో డ్రోన్ ఎలా తెచ్చాడని మీ సినిమానే అడుగుతుంది.

బీచ్‌లో నిజంగా కూర్చున్న జంటలు ఫ్రేములో పడకుండా చూసుకోండి. వెనకాల మసగ్గా ఉన్నా గుర్తుపట్టేవాళ్ళు ఉంటారు. మీకది బ్యాక్‌గ్రౌండ్, వాళ్ళకి కొంప మునగడం. జనాభిప్రాయం లాంటి ముక్కలు కావాలంటే ముందు ఇది ఉత్తుత్తి డాక్యుమెంటరీ అని చెప్పి, సంతకం తీసుకుని తీయండి. ఆటోలో, మిక్చర్ బండి దగ్గర సినిమా పాటలు మోగుతుంటే ఆపించండి. చిన్న ముక్క పడినా యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు. డైలాగు కింద ఇరుక్కున్న పాటని విడదీయడం మహా కష్టం.

నిడివి. గంటన్నర వద్దు. ఒకే రకం చూపు, ఒకే రకం ఇంటర్వ్యూలతో గంటన్నర లాగాలంటే చాలా పెద్ద చేయి కావాలి. నలభై నిమిషాలు తీయండి, లేదా పది నిమిషాల ముక్కలు నాలుగైదు. థియేటర్‌కి వెళ్తే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, యూట్యూబ్‌కైతే అక్కర్లేదు. మూడు లక్షలకి థియేటర్ ఆలోచన ఇప్పుడు ఎందుకు?

ఆఖరిగా నా చేతులు ఎలా కాలాయో. నా సినిమాలో ఒక బ్రేకప్ సీను ఉంది. అమ్మాయి మేడ మీద ఏడుస్తూ ఉంగరం తీసి ఇచ్చేస్తుంది. మా యూనిట్ కుర్రాడొకడు ఆ సీను నలభై సెకన్లు కోసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. పేరు లేదు, సినిమా అని లేదు. మాక్యుమెంటరీ కదా, చూడ్డానికి అచ్చం నిజం. అది అటు తిరిగి ఇటు తిరిగి అనకాపల్లిలో ఆ అమ్మాయి మేనత్తకి చేరింది. అప్పుడే ఆ అమ్మాయికి ఒక సంబంధం వచ్చి ఉంది. రాత్రి పదకొండుకి వాళ్ళ నాన్నగారు నా షాపుకొచ్చి షట్టర్ కొట్టారు. (అప్పటినుంచి నా దగ్గర ప్రతి క్లిప్ మీదా, ఎడిట్‌లో ఉన్నప్పుడు కూడా, సినిమా పేరు అడ్డంగా ఉంటుంది. మీరూ పెట్టండి. ప్రతి టేక్‌కీ క్లాప్ కొట్టండి, చేత్తో చప్పట్లు కాదు, నంబరు రాసిన క్లాప్.)

ఆయన అరవలేదు. కూర్చుని ఒకే ప్రశ్న అడిగారు. "మా అమ్మాయి అలా ఏడుస్తుంటే, ఆ కెమెరా పట్టుకుని నిలబడ్డవాడు ఎవడండి?"

సినిమా అండి, నేనే పట్టుకున్నాను అన్నాను. "అది కాదు, కథలో ఎవడు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. 34 నిమిషాల సినిమా తీశాను, ఆ సంగతి ఒక్కసారి ఆలోచించలేదు.

నమ్మకం కుదరాలని రషెస్ మొత్తం చూపించాను. క్లాప్ పడటం, అమ్మాయి నవ్వాపుకోవడం, గ్లిజరిన్ కంట్లో ఎక్కువ పడి తిట్టడం, మూడు టేకులు. మూడూ ఓపిగ్గా చూశారు. టీ తెప్పిస్తే తాగారు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "రెండోది బాగుందండి. మూడోదాంట్లో మా అమ్మాయి కొంచెం ఎక్కువ చేసింది" అన్నారు.

ఎడిట్‌లో నేను పెట్టుకున్నది మూడోది. ఆ రాత్రే మార్చాను.